కొంగుకెక్కిన వెబ్‌సైటు

ఆ రోజు పద్మజ వేసుకున్న ప్లాను చాలా చిన్నది. పొద్దున్నే వంట ముగించి, మామకు సంకటి పెట్టి, మధ్యాహ్నానికల్లా వెబ్‌సైటు పని మొదలుపెట్టాలి. చీకటి పడేలోగా అది ఒక రూపానికి రావాలి. నీళ్లు వదిలే రోజు కాదు, భర్త ఊళ్లో లేడు, చుట్టాలెవరూ వస్తామనలేదు. అడ్డం వచ్చేదేమీ లేదనుకుంది. అడ్డం వచ్చేవి ఎప్పుడూ మనం అలా అనుకున్నాకే బయల్దేరతాయి.

ధర్మవరంలోని ఆ ఇంట్లో తరతరాలుగా పట్టు చీరలు నేస్తున్నారు. నేసిన చీర షావుకారు కొట్టుకు పోతుంది. అక్కడ షావుకారు పేరున్న పెట్టెలోకి ఎక్కి, ఏ ఊరి పెళ్లికూతురి ఒంటిమీదికో చేరుతుంది. నేసినవాడెవడో ఎవరికీ తెలియదు, ఎవరూ అడగరు. పోయిన ఉగాదికి పద్మజ భర్త హరినాథ్ షావుకారుతో తెగతెంపులు చేసుకుని సొంతంగా నేయించడం మొదలుపెట్టాడు. ఇన్నాళ్లకు ఒక పెళ్లి చీర ఆర్డరు వచ్చింది. ఉరవకొండలో వేరుశనగ వ్యాపారం చేసే నరసింహులు తన కూతురు త్రివేణి ముహూర్తం చీర వీళ్లకు అప్పగించాడు. అది బాగా వస్తే పెళ్లికి వచ్చినవాళ్ల నోళ్లలో పడి పేరు పాకుతుంది. చెడితే హరినాథ్ మళ్లీ షావుకారు గడప తొక్కి, తల వంచుకుని కూలికి నేయాలి.

చీర ఒళ్లంతా నేయడం అయిపోయింది. రెండు వీధుల అవతల, కుళ్లాయప్ప అనే నేతగాడి ఇంట్లో మగ్గం మీద ఉంది. ఇక కొంగు, రవిక గుడ్డ మిగిలాయి. హరినాథ్ పట్టునూలు కోసం కర్ణాటక వైపు పోతూ, కొంగుకని గీయించిన నెమళ్ల బొమ్మ భార్య చేతికిచ్చి, "ఇది ఓబిలేష్‌కు పంపు. అట్టలు కొట్టి కుళ్లాయప్పకిస్తాడు," అని చెప్పిపోయాడు.

ఓబిలేష్ చీరల డిజైన్లు చేసే మనిషి. వచ్చిన బొమ్మను కంప్యూటర్లో గళ్లుగా మార్చి, దాని ప్రకారం అట్టలకు రంధ్రాలు కొడతాడు. ఆ అట్టలు మగ్గం పైన కట్టి నేస్తే రంధ్రాన్ని బట్టి జరీ పైకి తేలుతుంది. అట్టలో నెమలి ఉంటే చీరలో నెమలి, కాకి ఉంటే కాకి. అట్టకు మంచీ చెడూ తెలియదు.

పద్మజ పొద్దున్నే నెమళ్ల బొమ్మను ఫోన్లో ఓబిలేష్‌కు పంపింది. ఒక బరువు దిగిందనుకుని, తమ్ముడు వాడి వదిలేసిన ల్యాప్‌టాప్ ముందు కూర్చుంది. వీడియోలు చూసి నేర్చుకున్న వెబ్ డిజైన్ సాఫ్ట్‌వేర్ తెరిచి, కొత్త ప్రాజెక్టు అన్నచోట నొక్కింది. అది పేరడిగింది. పద్మజ కాసేపు ఆలోచించి "ఆదెన్న పట్టు చీరలు" అని కొట్టింది. ఆదెన్న ఆమె మామ. సరిగ్గా అప్పుడు వెనకే గోడకానుకుని కూర్చుని, వక్క నములుతున్నాడు.

వయసులో ఉన్నప్పటి నుంచి మగ్గం గుంతలోనే బతికిన మనిషి. ఇప్పుడు కళ్లు సరిగా ఆనవు. అక్షరాలు అలికినట్టు కనిపిస్తాయి గానీ గీతలు, రంగులు మాత్రం ఇంకా తెలుస్తాయి. తెర మీద తెల్లటి పలక, దాని చుట్టూ గీత కనబడేసరికి మెడ ముందుకు చాచాడు.

"ఏం చేస్తాండావు పద్మా?"

"డిజైన్ మామా."

ఆ ఊళ్లో డిజైన్ అనే మాటకు ఒకటే అర్థం. ఆదెన్న ఇంకొంచెం దగ్గరికి జరిగాడు.

"ఈ తెల్లగుండేదేంది?"

"అది బాడీ. దాంట్లో ఇంకా ఏమీ పెట్టల్యా."

"ఈ గీత?"

"బార్డరు మామా. సన్నగుండాది, పెద్దది చేయల్ల." ఆమె ఒక్క నొక్కు నొక్కింది. బార్డరు రెండింతలైంది.

ఆదెన్న నమలడం ఆపాడు. అతని కాలంలో బార్డరు పెద్దది చేయాలంటే మగ్గం మొత్తం విప్పాలి. ఇంటిల్లిపాదీ కూర్చుని ఒక్కొక్క దారమే అతకాలి. అన్నం వేళకు తినేది లేదు, వచ్చిన చుట్టాన్ని పలకరించేది లేదు. ఇక్కడ కోడలు కాఫీ గ్లాసు కూడా కింద పెట్టకుండా ఆ పని చేసేసింది.

"ఇంగోసారి చెయ్."

చేసింది.

"తగ్గించు."

తగ్గించింది. అతను రంగు మార్చమన్నాడు. ఎరుపు వచ్చింది, పసుపు వచ్చింది, చిలకపచ్చ వచ్చింది. ఆదెన్నకు ఒళ్లు జలదరించింది. రెండు చేతులూ జోడించి ల్యాప్‌టాప్‌కు దండం పెట్టుకున్నాడు.

"మల్ల కొంగేది?" అన్నాడు, గొంతు తగ్గించి.

"పైనుండేదే కొంగు అనుకో మామా. హెడర్ అంటారు దాన్ని."

"ఏ పేరు పెట్టుకుంటే ఏం, కొంగు కొంగే."

పద్మజ సాఫ్ట్‌వేర్ ఇచ్చిన నమూనా పేజీని కొంచెం కొంచెం మార్చుకుంటూ పోయింది. పైన వరసగా "హోమ్, చీరలు, మా గురించి, సంప్రదించండి" అని రాసింది. అడుగున చిన్న అక్షరాలతో ఆదెన్న పట్టు చీరలు అన్న పేరు, ఊరు, తన ఫోన్ నంబరు పెట్టింది. మిగతావన్నీ సాఫ్ట్‌వేర్‌తో వచ్చినవి వచ్చినట్టే వదిలేసింది. మూలన అడ్డంగా మూడు గీతలు, సరుకులు వేసుకునే తోపుడుబండి బొమ్మ, వెతకడానికి భూతద్దం, ఫొటో పెట్టాల్సిన చోట ఇంటూ గుర్తున్న పెద్ద డబ్బా, దాని కింద అర్థం లేని ఉత్తుత్తి రాత. ఫొటో స్థానంలో రేపు త్రివేణి చీర వస్తుంది. ఉత్తుత్తి రాత పోయి అసలు రాత వస్తుంది. అప్పుడు వెబ్‌సైటు లోకానికి తెరవొచ్చు.

ఈలోపు ఎవరికైనా చూపించాలనిపించింది. ఆమె ఎరిగిన వాళ్లలో కంప్యూటర్ ముందు కూర్చునే మనిషి ఓబిలేష్ ఒక్కడే. పేజీని ఫొటో తీసి అతనికే పంపి, కింద ఇలా రాసింది: "అన్నా, డిజైన్ ఎట్లుండాదో చూడు. బాడీ, బార్డరు సరేనా? పైన పేర్లు మార్చల్ల. పెద్ద సైజులోనూ చిన్న సైజులోనూ సరిగ్గా రావల్ల."

పెద్దది కంప్యూటర్ తెరకు, చిన్నది సెల్‌ఫోన్‌కు అని ఆమె ఉద్దేశం. ఆ ముక్క రాయబోతుండగానే వీధిలో నీళ్లొచ్చాయని కేక వినబడింది. అనంతపురం సీమలో రాని రోజు వచ్చిన నీళ్ల ముందు వెబ్‌సైటు ఎంత, వైకుంఠం ఎంత. ఫోను మామ పక్కన పడేసి, బిందెలు పట్టుకుని పరుగెత్తింది.

అక్కడ ఓబిలేష్ ఆ బొమ్మను చూసి కుర్చీలో సర్దుకు కూర్చున్నాడు. ఈ మధ్య పెళ్లివాళ్లు కొంగు మీద పేర్లు నేయిస్తున్నారు, వధూవరుల మొహాలు నేయిస్తున్నారు, ఒకాయన పెళ్లికొడుకు కొన్న కారు కూడా నేయించాడు. కాబట్టి కొంగు మీద రాతలుండటం అతనికి వింత కాదు. కానీ ఇలాంటిది చూడలేదు. ఫోను చేశాడు. ఆదెన్న ఎత్తాడు.

"పద్మక్కా, డిజైను మార్చినారా?"

"పద్మ నీళ్లకు పోయిందప్పా. నేను ఆదెన్నను."

"పొద్దన్న నెమళ్లు పంపినారు పెద్దాయనా. ఇప్పుడు ఇంగోటి వచ్చింది. దీంట్లో నెమళ్లు ల్యావు."

"ల్యాకపోతే ల్యావు. పొద్దన్నుంచి దాని మిందనే కూచోనుండాది నా కోడలు. బాడీ, బార్డరు అంతా నా కండ్ల ముందరనే సరిజేసింది. ఒక్క దెబ్బకు బార్డరు పెరుగుతాది, ఒక్క దెబ్బకు తగ్గుతాది. నువ్వు చూసినావా అట్లాంటిది?"

"చూడల్యా పెద్దాయనా. మూలకు మూడు గీతలుండాయి, ఒగదాని కింద ఒగటి. ఏంది అవి?"

ఆదెన్న కొంచెంసేపు ఆలోచించాడు. నేత విషయంలో తెలియదనడం అతనికి అలవాటు లేదు.

"మూడు గీతలంటే ఇంగేముంటాదప్పా. విభూతి రేకలు. పెండ్లికొడుకోళ్లు శివభక్తులయ్యుంటారు."

"అట్లనా. ఇంగ కింద ఏందో రాత ఉండాది. ఇంగ్లీషు అక్షరాలే గానీ ఇంగ్లీషు కాదు. లోరెం ఇప్సం డోలార్ సిట్ అమెట్ అంటాది. ఎంత చదివినా అర్థం కాల్యా."

"పెండ్లి మంత్రం ఎవురికి అర్థమైందప్పా ఇంతవరకు? కొట్టు అట్టలు."

పద్మజ తడిసిన చీర పిండుకుంటూ వచ్చేసరికి ఆదెన్న మొహం వెలిగిపోతోంది.

"ఓబిలేష్ ఫోన్ చేసిన్యాడు. నీ డిజైను చూసినాడంట. ఇట్లాంటిది ఈ ఊర్లో ఇంతవరకు రాల్యా అన్నాడు. పని మొదలుపెడతాడంట."

నెమళ్లకు అట్టలు కొట్టే పనేమోననుకుంది పద్మజ. వెబ్‌సైటు బాగుందన్నాడు, నెమళ్ల పని మొదలుపెడుతున్నాడు. ఒక్క ఫోనుతో రెండు మంచి వార్తలు. మనసు తేలికై, మామకు మళ్లీ కాఫీ పెట్టిచ్చింది.

ఓబిలేష్ మాత్రం భక్తితో పని చేశాడు. అతను అందరిలాంటి పనివాడు కాదు. తప్పు కనిపిస్తే దిద్దకుండా ఉండలేడు. "హోమ్" దగ్గర ఆగి, పాపం అక్క తొందరలో సున్న మరిచిపోయిందనుకుని "హోమం" చేశాడు. "సంప్రదించండి" అని పెళ్లి చీర మీద ఎవరు రాస్తారు, అది "సంప్రదాయం" అయ్యుండాలి. భూతద్దం హోమంలో నెయ్యి పోసే గరిటె అని చూడగానే గుర్తుపట్టాడు. తోపుడుబండి ఊరేగింపు తేరు. దానికి పైన గొడుగు తక్కువైందని గొడుగు పెట్టాడు. ఇంటూ గుర్తున్న డబ్బా కొంచెంసేపు ఇబ్బంది పెట్టింది. పెళ్లి పందిరిని ఆకాశం నుంచి చూస్తే అలాగే ఉంటుందని తట్టాక, ఆ అమ్మాయి బుర్రకు చేతులెత్తి మొక్కాడు. పైన పేర్లు మార్చమంది కదా, త్రివేణి, శశి అని వధూవరుల పేర్లు వేశాడు. పెద్ద సైజు కొంగుకు, చిన్న సైజు రవిక గుడ్డకు అట్టలు కొట్టాడు. మంత్రం జోలికి మాత్రం పోలేదు. దాంట్లో ఒక్క అక్షరం తప్పినా పాపమని భయపడ్డాడు.

అట్టలు కుళ్లాయప్ప మగ్గం ఎక్కాయి. మగ్గం మీద నేతగాడికి ఒక్కసారిగా కనిపించేది జానెడు గుడ్డే. నేసింది నేసినట్టు మగ్గం ముందుండే దోనె కొయ్యకు చుట్టుకుపోతుంది. కుళ్లాయప్పకు ఒకరోజు విభూతి కనిపించింది, ఒకరోజు తేరు కనిపించింది. మంత్రం వచ్చిన రోజు తలస్నానం చేసి కూర్చున్నాడు. ఈ సంగతి తెలిసి పక్క మగ్గాలవాళ్లు ఒక్కొక్కరే వచ్చి, చెప్పులు బయట విడిచి, వంగి చూసి, మాట్లాడకుండా వెళ్లారు. ఆదెన్న టీ బంకు దగ్గర కూర్చుని, బార్డరు ఎలా పెరిగిందో, ఎలా తగ్గిందో చేతులతో చూపించాడు.

దుకాణానికి పోయినప్పుడు పద్మజను కూడా ఎవరో ఆపారు. "అక్కా, ఊరంతా నీ డిజైను మాటే. ఎప్పుడు బయటికొస్తాది?" అని అడిగారు. వెబ్‌సైటు సంగతి ఓబిలేష్ అందరికీ చెప్పేశాడనుకుని ఆమె సిగ్గుపడింది. "త్రివేణి చీర మగ్గం దిగల్ల గదా, అది దిగినాంకనే," అంది. అడిగినవాళ్లు "అవును మరి" అన్నారు.

చీర దిగిన రోజు నరసింహులు కూతుర్ని వెంటబెట్టుకుని ఉరవకొండ నుంచి కారులో వచ్చాడు. ముహూర్తం ఎల్లుండే. త్రివేణి బెంగళూరులో ఏదో కంప్యూటర్ కంపెనీలో ఉద్యోగం చేస్తుంది. సెలవు పెట్టి వచ్చింది. కుళ్లాయప్ప చీరను ఉతికిన తువాలులో చుట్టి, పసిబిడ్డను తెచ్చినట్టు తెచ్చాడు. ఆదెన్న చాప పరిపించాడు. పద్మజ వెబ్‌సైటు కోసం ఫొటో తీయడానికి ఫోను పట్టుకుని నిలబడింది.

మామిడిపండు రంగు ఒళ్లు కొంచెం కొంచెంగా విచ్చుకుంది. తర్వాత చిలకపచ్చ కొంగు పరిచారు.

పద్మజ ఫొటో తీయబోయి ఫోను దించేసింది. ఆమె వెబ్‌సైటులో చీర పెట్టాలనుకుంది. చీరలో వెబ్‌సైటు ఉంది. ఈ మూల నుంచి ఆ మూల దాకా, బంగారు జరీలో, గీత గీతా తను గీసుకున్నదే. పక్కన రవిక గుడ్డ మీద అదే పేజీ చిన్నదిగా, సెల్‌ఫోన్లో కనిపించాల్సినట్టే ఉంది. నెమలి కాదు కదా, నెమలి ఈక కూడా లేదు. ఎల్లుండి ముహూర్తం. పోయింది, అంతా పోయింది, భర్త మళ్లీ షావుకారు ముందు చేతులు కట్టుకుని నిలబడతాడు, దానికి కారణం తను. ఆ గుబులులోనే ఇంకో ఆలోచన కూడా వచ్చి ఆమెకే ఆశ్చర్యం వేసింది. కొంగు చాలా అందంగా ఉంది. తెర మీద చప్పిడి గీతలుగా ఉన్నవి పట్టు మీద వెలుగుతుంటే, ఇది తను చేసిందేనా అని కళ్లప్పగించి చూసింది.

నరసింహులు కొంగు చుట్టూ ఒకసారి తిరిగి చూశాడు. తర్వాత కండువా నడుముకు చుట్టుకున్నాడు.

"నెమళ్లు గదా అనుకున్యాము?" అన్నాడు.

"నెమళ్లు యాడన్నా దొరుకుతాయి నరసింహులూ," అన్నాడు ఆదెన్న. "ఈడ చూడు, విభూతి రేకలు. ఇది హోమం, దాని పక్కన నెయ్యి గరిటె. ఇది తేరు. ఇది పందిరి, దేవతలు పైనుంచి చూస్తే కనపడేది. ఇంగ ఇది మంత్రం."

"ఏం మంత్రం?"

"మనకర్థమయ్యేది కాదు."

నరసింహులు ఒక్కో బొమ్మకూ తలాడిస్తూ, మంత్రం దగ్గరికి వచ్చేసరికి చెప్పులు లేవని సరిచూసుకుని చేతులు జోడించాడు. పద్మజ ఇక ఆగలేకపోయింది.

"అన్నా, ఇది తప్పు. ఈ రాతకు అర్థం లేదు. ఇది నేను చీరకని చేసింది కాదు."

"అట్ల తక్కువ చేసుకోవద్దమ్మా," అన్నాడు నరసింహులు. "పని తెలిసినోళ్లంతా ఇట్లనే అంటారు."

"నా మాట నమ్మన్నా. అది ఉత్తుత్తి రాత."

"అర్థం లేని రాత పట్టు మింద ఎవురన్నా నేస్తారా?" అని ఆదెన్న కోడల్ని కసిరాడు. కుళ్లాయప్పకు కూడా కోపం వచ్చింది. అతను దాని కోసం తలస్నానం చేశాడు.

త్రివేణి మాత్రం చాప మీదికి వంగి మంత్రాన్ని చదువుతోంది. మొదటి వరస చదివి కళ్లు నులుముకుంది. రెండో వరస చదివి, కొంగు అంచు పట్టుకుని మొహం దాచుకుంది. భుజాలు కదలసాగాయి. నరసింహులు కూతురి వైపు చూశాడు. తల్లి లేని పిల్ల, పెళ్లి చీర చూసి ఏడుస్తోందనుకున్నాడు. అతని కళ్లలోనూ నీళ్లు తిరిగాయి. అది చూసి ఆదెన్న కళ్లొత్తుకున్నాడు, ఆదెన్నను చూసి కుళ్లాయప్ప ముక్కు చీదాడు. అక్కడ నవ్వు ఆపుకోలేక చస్తున్నది త్రివేణి ఒక్కతే అని ఎవరికీ తెలియలేదు.

నరసింహులు కళ్లు తుడుచుకుని కొంగు అడుగుదాకా చూశాడు. అక్కడ చిన్న అక్షరాలున్నాయి. వంగి పైకి చదివాడు.

"ఆదెన్న పట్టు చీరలు, ధర్మవరం." కింద ఫోన్ నంబరు. మొహం మారిపోయింది. "ఇదేంది పెద్దాయనా? మా పాప పెండ్లి చీర మింద నీ పేరేటికి?"

ఆదెన్న మెల్లగా ముందుకు జరిగి, ఆ అక్షరాల మీద వేలు పెట్టాడు. కళ్లకు ఆనలేదు గానీ పైకి తేలిన జరీ వేలికి తెలిసింది. జీవితమంతా నేసిన చీరల్లో ఒక్కదాని మీదా తన పేరు లేదు. ఉండొచ్చని కూడా ఎన్నడూ అనుకోలేదు.

"నేను ఎయ్యమనల్యా," అన్నాడు. "నాకు తెలీదప్పా."

"తెలీకుండా ఎట్ల వస్తాది? పెండ్లిలో నలుగురు చూస్తే ఏమంటారు? నా బిడ్డ పెండ్లి చీరా, మీ కొట్టు బోర్డా?" నరసింహులు లేచి నిలబడ్డాడు. "ఈ చీర నాకొద్దు. ఉంచుకోండి."

పద్మజ నోరు తెరవబోయింది. అంతకంటే ముందే త్రివేణి తల ఎత్తింది. కళ్లు ఎర్రగా ఉన్నాయి, నవ్వి నవ్వి.

"నాయనా, నీ శనక్కాయ మూటల మింద ఎవురి పేరుంటాది?"

"నాదే. ఇంగెవురిదుంటాది?"

"నువ్వు పండించినావా అవి?"

నరసింహులు కండువా ముడి బిగించుకున్నాడు.

"కొని అమ్మేటోనివి, నువ్వే పేరు వేసుకుంటివి. బతుకంతా నేసినాయన వేసుకుంటే నీకేం నొప్పి?"

నరసింహులు కొంచెంసేపు కూతుర్ని, కొంచెంసేపు ముసలాయన వేలును చూశాడు. తర్వాత కండువా విప్పి భుజం మీద వేసుకుని మళ్లీ చాప మీద కూర్చున్నాడు. "నేనేం అన్న్యాను ఇప్పుడు," అన్నాడు. "పేరు ఇంగ కొంచెం పెద్దగా వేసింటే చదివేకి బాగుండు అంటాండా."

కాఫీ పేరుతో పద్మజ వంటింట్లోకి పోయింది. వెనకే త్రివేణి వచ్చి తలుపు దగ్గరగా వేసింది.

"అక్కా, అది టెంప్లేటు గదా?"

పద్మజ తలాడించింది. కన్నీళ్లు జారిపోయాయి. "ఓబిలేష్‌కు చూపిద్దామని పంపినా. నెమళ్లు గూడా పంపిన్యా. ఎట్ల జరిగిందో తెలీదు. నీకు అన్యాయం చేసినా త్రివేణీ."

"ఆ లోరెం ఇప్సం నేను దినమ్మూ ఆఫీసులో చూస్తా. ఉత్త పేజీ నింపేకి పెడతాం దాన్ని. మా మేనేజర్‌కు తెలిస్తే పడి పడి నవ్వుతాడు." త్రివేణి ఆమె చెయ్యి పట్టుకుంది. "మా పిన్నిది నెమళ్ల చీర, అత్తది నెమళ్ల చీర, పెండ్లికొచ్చే సగం మందివి నెమళ్లే. ఇది లోకంలో నాకొక్కదానికే ఉంటాది. కట్టుకుంటా. కానీ ఒక మాట ఇయ్యల్ల నువ్వు. ఈ డిజైను ఇంగెవురికీ చేయగూడదు, యాడా పెట్టగూడదు."

పెళ్లి చీర నేసే ఇంట్లో ఈ మాట కొత్తది కాదు. నచ్చిన కొంగును ఇంకొకరికి నేయొద్దని పెళ్లికూతుళ్లు మాట తీసుకోవడం, నేసేవాళ్లు ఇవ్వడం ఎప్పటి నుంచో ఉంది. పద్మజ పొయ్యి ముందు నిలబడి, త్రివేణి చేతిలో చెయ్యి వేసింది. ఆ క్షణంలో ఏమడిగినా ఇచ్చేది.

ముహూర్తం వేళకు పద్మజ ఇంట్లోనే ఉంది. పెళ్లికి పోదామంటే ధైర్యం చాలలేదు. జీలకర్ర బెల్లం పెట్టే సమయం అయ్యుంటుందనుకుంటుండగా ఫోను మోగింది. తెలియని నంబరు. అవతల నుంచి సన్నాయి, దాని మీద ఒక ఆడమనిషి గొంతు.

"ఆదెన్న పట్టు చీరలేనా? ఉరవకొండ కల్యాణ మండపం నుంచి మాట్లాడతాండా. పెండ్లికూతురు వెనకాలనే కూచోనుండా. కొంగు మింద నంబరు చూసి చేసినా. చివరి అంకె మడతలో పోయింది, ముగ్గురికి చేసి నిన్ను పట్టుకున్యా. మా పాపకు మాఘంలో పెండ్లి. బిన్నా చెప్పు, ఆలస్యం చేయొద్దు, ఒప్పుకుంటావా?"

అది పెట్టేయగానే ఇంకొకటి. తలంబ్రాలప్పుడు త్రివేణి చెయ్యెత్తి పోసినందువల్ల కొంగు మొత్తం విచ్చుకుందట, నంబరు అందరికీ కనిపించిందట. భోజనాల పంక్తి నుంచి ఒకరు, పార్కింగు దగ్గర నుంచి ఒకరు. గుమ్మఘట్ట నుంచి వచ్చిన ఒకావిడ కన్నడంలో మొదలుపెట్టి తెలుగులో ముగించింది. ఆదెన్న గుమ్మంలో కూర్చుని, ఫోను మోగినప్పుడల్లా "యావూరు?" అని అడిగాడు. పద్మజ ఊరు చెప్పినప్పుడల్లా ఆ దిక్కుకు చూసి తలాడించాడు. అన్ని ఊళ్లలో తన పేరు చదివేవాళ్లున్నారని అతనికి నమ్మబుద్ధి కాలేదు.

హరినాథ్ పట్టునూలు మూటతో దిగేసరికి ఇంటి నిండా జనం. షావుకారు మనిషి కూడా ఒకడు వచ్చి, అరుగు చివర మర్యాదగా కూర్చున్నాడు. భార్య జరిగింది చెప్పింది. హరినాథ్ రెండుసార్లు విన్నాడు.

"వెబ్‌సైటు ఏమైంది మల్ల?"

"దాన్ని పెండ్లి చేసి పంపిస్తిమి," అంది పద్మజ.

మాటంటే మాట. ఆ పేజీని లోకమంతా చూసేచోట పెట్టడానికి ఇక లేదు. పద్మజ సాఫ్ట్‌వేర్ తెరిచి కొత్త ప్రాజెక్టు మొదలుపెట్టి, ఇంకో నమూనా ఎంచుకుంది. గుండ్రటి మూలలు, వాలు గీతలు. పని సగంలో ఉండగా పెళ్లికొడుకు శశి అక్క తనకల్లు నుంచి చీర చెప్పడానికి వచ్చింది. వచ్చింది వచ్చినట్టే ల్యాప్‌టాప్ ముందు నిలబడిపోయింది. "ఇది నాకు నేయండి. ఇంగెవురికీ చూపియ్యగూడదు," అని పద్మజ చేతిలో చెయ్యి వేయించుకుంది. మూడోదాన్ని తలుపు మూసుకుని చేసింది. ఓబిలేష్ కిటికీలోంచి చూసి అట్టలు కొట్టేశాడు.

అలా పద్మజ ఇప్పటికి చాలా వెబ్‌సైట్లు తయారుచేసింది. నెట్‌లో మాత్రం ఒక్కటీ దొరకదు, చూడాలనుకునేవాళ్లు జిల్లాలో బీరువాలు తెరిపించుకోవాలి.